ఆటులో ఆగిన పడవ

కోరంగి,
గురువారం.

అక్కకి, తమ్ముడు శేషగిరి కాళ్ళ బురద కడుక్కుని వ్రాయునది, క్షేమం.

నన్ను గుమస్తాగా పంపుతానని నాన్నగారు మండపేట రైసుమిల్లు వారికి మాటిచ్చేసే లోపు ఈ కార్డు ఆయనకి చదివి వినిపించు. మడ అడవులు చూపించే గైడు పని ఓ ఉద్యోగమా అని ఆయన బాధ. నిన్నటి దాకా నా అనుమానమూ అదే.

నిన్న పెద్దాపురం షావుకారు గారి కుటుంబాన్ని పడవలో పాయ లోపలికంటా తీసుకెళ్ళాను. మనది కాలవగట్టు బుద్ధి కదా, లాకులు మూస్తే తప్ప నీళ్ళు తగ్గవనుకున్నాను. ఇక్కడ సముద్రం ఎవర్నీ అడక్కుండా నీళ్ళు వెనక్కి లాక్కుంది. పడవ బురదలో కూర్చుండిపోయింది.

“ఏవయ్యా గైడూ, ఇదీ చూడాల్సిన వింతేనా?” అన్నారు షావుకారు గారు.

“అసలు వింత ఇదేనండి” అన్నాను గంభీరంగా.

తీరా చూస్తే నా మాటే నిజమైంది. ఒక్కొక్కరే పడవ అంచుకి జరిగి చెవులు రిక్కించారు. బురదంతా సన్నగా చిటచిటలాడింది. ఎర్రపీతలు బయటికొచ్చి ఎండ కాచుకున్నాయి. మడచెట్ల వేళ్ళు ఊపిరి కోసం పైకి లేచి నిలబడ్డాయి. షావుకారు గారు చెప్పులు విప్పేసి, కొంగల్ని చూస్తూ కలలో ఉన్నట్టు ఉండిపోయారు. పోటొచ్చి పడవ కదిలితే, “అప్పుడేనా?” అన్నారు.

అక్కా, ఇది వేళాకోళం కాదు, నాకీ పనే కావాలి. నాన్నగార్ని ఒక్కసారి ఇటు పంపు. ఈసారి తెలిసే, సరిగ్గా ఆటు వేళకి తీసుకెళ్తాను.

గేదె ఈనిందా? మాగాయ పంపు, జాడీ గట్టిగా కట్టు.

అమ్మకి దణ్ణాలు. మిల్లు వారికి నాకంటే బుద్ధిమంతుడైన గుమస్తా శీఘ్రమే దొరుకుగాక.