నా పది అంతస్తులూ కూల్చండి

అలెగ్జాండ్రియా నగరం,
పేట పాలనాధికారి గారి సముఖమునకు,
కాసిద్ సందు వాస్తవ్యుడు, రిటైర్డు చరిత్ర ఉపాధ్యాయుడు ముంతసిర్ రద్వాన్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా యాజమాన్యంలోని పదమూడంతస్తుల అక్రమ భవనంలో పై పది అంతస్తులను తక్షణం కూల్చవలసిందనియు, దాని పక్కనున్న నా రెండంతస్తుల సక్రమ గృహాన్ని కూల్చరాదనియు కోరుట గురించి.

సూచిక: లోగడ నేను పంపిన అర్జీలు, వాటికి తమరు ఇవ్వని జవాబులు.

1. నేనూ, నా చెల్లెలు ఇన్షిరాహ్ నివసించే ఇంటి గోడ మీద తమ సిబ్బంది ఎర్ర రంగుతో "కూలిపోవు స్థితి. ఖాళీ చేయవలెను" అని రాసి వెళ్ళారు. వచ్చే నెల మొదటి తేదీ గడువు. ఆ రాతలో ఒక అక్షరదోషం ఉంటే సుద్దముక్కతో దిద్దాను. ప్రభుత్వ రాతను తాకినందుకు కేసు పెట్టదలిస్తే పెట్టండి.

2. మా ఇల్లు వయసు మీరి పగలలేదు. పక్క స్థలంలో హాజీ సనద్ అనే కాంట్రాక్టరు మా పునాది కంటే లోతుగా గొయ్యి తవ్వించి, మట్టి జారకుండా ఏ అడ్డూ కట్టించలేదు. వంటగది గోడలో మా చెల్లెలి చెయ్యి మోచేతి దాకా దూరే చీలిక పడింది. గొయ్యి తవ్వినవాడికి నోటీసు లేదు. గోడ పగిలినవాడికి ఉంది. నా ఇల్లు పడితే ఆ జాగా కూడా తనకే వస్తుందని హాజీ టీ దుకాణంలో బాహాటంగా చెప్పుకుంటున్నాడు.

3. వీధి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు మించి ఎత్తు కట్టరాదని చట్టం. మా సందు ఆరు మీటర్లు. కాబట్టి తొమ్మిది మీటర్లు, అంటే మూడంతస్తులు. ఇది పొద్దుపోని గుమాస్తా రాసిన లెక్క కాదు. ఎత్తు హద్దులో ఉంటేనే చలికాలపు ఎండ కింది ఇంటి గడప దాకా దిగుతుంది. నిప్పంటుకుంటే నిచ్చెన బండి లోపలికి వస్తుంది. కొంతమంది కోసం వేసిన మురుగు గొట్టంలోకి అంతమంది మురుగే పోతుంది. వెనకటి ఖాజీలకు ఇది తెలుసు. పొరుగువాడి వాకిట్లోకి తొంగిచూసే కిటికీ మూయించి గాని వారు భోజనానికి లేచేవారు కారు. జనసాంద్రత అంటే తమ పత్రాల్లో ఎకరానికి ఇన్ని తలలని ఉంటుంది. మా సందులో దాని అర్థం, వానొస్తే ఊరివాళ్ళ మురుగు మా స్నానాలగదిలోకి రావడం. మరో పది అంతస్తుల జనం దిగితే ఏమవుతుందో తమరే ఊహించండి.

4. తమ ఇంజనీరు హాతిం గారు వీధి కొలిచిన విధం కూడా మనవి చేస్తాను. టేపు ఒక కొన హాజీ గోడకు పట్టించి, రెండో కొన చేతబట్టుకుని తిన్నగా ఎదుటి మంగలి దుకాణంలోకి నడిచారు.

"కాళ్ళు తియ్యవయ్యా, ప్రభుత్వం వెళ్తోంది" అన్నారు, సగం గడ్డంతో కుర్చీలో ఉన్నవాడితో.

"వీధి బయటుంది సార్" అన్నాడు మంగలి జాబిర్.

"నీ కొట్టుకి వెనక తలుపుందా?"

"ఉంది సార్."

"అవతల?"

"స్కూలు ఆటస్థలం."

"అదీ సంగతి! ఆ గోడ దాకా వీధే. నువ్వే వీధి మధ్యలో కొట్టు పెట్టుక్కూచున్నావు. నోరెత్తావో, ఆక్రమణ అని రాసేస్తా."

జాబిర్ మిగతా సగం గడ్డం గీయడానికి తిరిగాడు. మా సందు వెడల్పు ఇరవై ఆరు మీటర్లని తమ దస్త్రానికెక్కింది. దానికి ఒకటిన్నర రెట్లంటే సరిగ్గా పదమూడంతస్తులు. నలభై ఏళ్ళు పటాలు గీయించి పాఠం చెప్పాను. ఇంత త్వరగా విస్తరించిన సామ్రాజ్యం నేనెరగను.

5. భవనంలో జనం కాపురముంటున్నారు కనుక కూల్చడానికి వీల్లేదని తమ గుమాస్తా సెలవిచ్చాడు. ఆ కాపురమల్లా ఏడో అంతస్తులో దండెం మీద ఆరేసిన ఒక నీలం గలాబియా, పాదాల దాకా వచ్చే అంగీ. వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. తీసేవాళ్ళు లేరు. అక్కడ నీళ్ళు లేవు, గోడలే లేవు. ఎవరుంటున్నారని మేస్త్రీని అడిగాను. "ఆరేసినవాళ్ళే మాస్టారూ. తొడుక్కునేవాళ్ళు ఇంకా దొరకలేదు" అన్నాడు.

6. ఇక యాజమాన్యం. కాగితాల్లో భవనం హాజీది కాదు. మా సందు మొగలో తోపుడుబండి మీద లివర్ వేయించి రొట్టెల్లో పెట్టి అమ్మే దసూకీది. ఇలాంటివాణ్ణి మా ఊళ్ళో కహూల్ అంటారు. పేరు అతనిది, మేడ ఇంకొకడిది, జైలు మళ్ళీ అతనిది. కోర్టు సమను రాగానే దసూకీ దాన్ని నా దగ్గరికి తెచ్చాడు.

"ఏం రాశారు మాస్టారూ?"

"అనుమతి లేకుండా కట్టావు కనుక నీ భవనం అక్రమమట. నిన్ను లోపలేస్తారట."

"నా భవనమా! నాకు పడుకోడానికి మెట్ల కింద జానెడు చోటుంది. హాజీ సంతకం పెట్టమంటే పెట్టాను. లోపలికెళ్తే ఇంటికి ఖర్చులు పంపుతానన్నాడు."

"చట్టం ప్రకారం అది నీదేరా."

"అయితే ఏం చెయ్యమంటారు, రొట్టెలో పెట్టుకు తినమంటారా?"

"నాకు అమ్మెయ్."

పడీ పడీ నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు.

"మీరు పెద్దవాళ్ళు మాస్టారూ. జైల్లో పడి ఉండలేరు."

"ఇల్లు పోయాక బయట మాత్రం ఎక్కడ పడుంటాన్రా?"

నా చలికాలపు కోటు ఇచ్చి పదమూడంతస్తులూ కొన్నాను. సాక్షుల సమక్షంలో సంతకాలై, రిజిస్ట్రీలో ధ్రువీకరణ జరిగింది. నకలు జతచేశాను. కాగితం ఉంటే చాలు, వెనక మనిషి ఎవరని అడగకూడదనే పద్ధతి తమ కార్యాలయానిదే గనుక, ఇప్పుడు నన్నూ అడగకండి.

7. భవన యజమానిగా నా పొరుగువాడికి, అనగా నాకు, తీరని నష్టం కలిగించినందుకు నన్ను నేను గట్టిగా మందలించుకున్నాను.

8. కావున తమరు దసూకీని విడిచిపెట్టి శిక్ష నాకు వేయించవలెను. మూడో అంతస్తు పైన ఉన్నదంతా, తొడుక్కునేవాళ్ళు రాకముందే, దించివేయించవలెను. నా ఇంటి గోడకు ఊతం కట్టించి, ఎర్ర రాత చెరిపించవలెను. నాకు డెబ్బై తొమ్మిదేళ్ళు. తమ జైలుకు నేను బరువు గాని, నాకు తమ జైలు బరువు కాదు.

నా వెనకటి అర్జీలు తమ కార్యాలయంలో టీ గ్లాసుల కింద వేసుకుంటున్నారని విన్నాను. దీన్నైనా చిత్తగించవలెను. చిత్తం రాకపోతే, గడువు రోజున నేను ఆ ఎర్ర రాత కింద కుర్చీ వేసుక్కూర్చుంటాను. గోడ కంటే ముందు తమ యంత్రం నన్ను దాటాలి.

ఆచారం కొద్దీ,
తమ విధేయుడు,
ముంతసిర్ రద్వాన్
(భవన యజమాని)

తా.క.: కవరు అంటిస్తుండగా హాజీ సనద్ వచ్చి మా తలుపు తన్నాడు.

"ఏరా ముసలోడా! నా బిల్డింగు కొన్నావంటగా!"

"నీదెలాగయింది హాజీ? కాగితాల్లో దసూకీది కదా."

"దసూకీ ఎవడు? లివర్ వేయించుకునే వెధవ! సిమెంటు నాది, ఇనుము నాది, ఆ ఇంజనీరుగాడు మెక్కిన విందులు నావి! ఇటుక ఇటుకా నేను కట్టానది!"

"కాస్త గట్టిగా చెప్పు నాయనా, మా చెల్లెలికి చెవుడు."

ఇంకా గట్టిగా చెప్పాడు. సందులోని కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మా చెల్లెలికి చెవుడు లేదు. ఆవిడ రాసుకుంటోంది. విన్నవారి సంతకాలూ వేలిముద్రలూ వెనక పేజీలో ఉన్నాయి. కాబట్టి పైన భవన యజమాని అని ఉన్న ప్రతిచోటా నా పేరు కొట్టేసి హాజీ పేరు రాసుకోండి. జైలు సంగతి ఆయనతో మాట్లాడుకోండి. కూల్చవలసినవి మాత్రం అవే పది.