ఆవంలో ఓ మూల

శుక్రవారం

మావయ్యగారి భుజం నొప్పి తగ్గేలా లేదు. నేను కుండలు చేయడం నేర్చుకోకపోతే ఈ ఇంట్లో కుమ్మరి సారె తిరగడం ఆగిపోతుంది. ఇవాళ కూడా ముంత గోడ లేచినట్టే లేచి ఓ పక్కకి ఒరిగిపోయింది.

కోడలి చెయ్యి పట్టుకుని నేర్పడం ఆయనకి మొహమాటం. ఎదురుగా పీట వేసుకుని గాలిలోనే చేతులు తిప్పి చూపిస్తారు. ఇవాళ అది ఆపేసి నా వేళ్లకేసి చూశారు.

“అదేవన్నా చేపా తల్లీ, జారిపోద్దని అలా నొక్కేత్తన్నావు? మట్టి ఎక్కడికీ పోదు. వదులుగా పట్టుకో.”

“ఆయ్, అలాగేనండి,” అన్నాను గానీ నవ్వాగలేదు. కాట్రేనికోనలో అమ్మ పక్కన కూర్చుని చేపలు తోమిన చేతులు మరి! బిగించడమే తెలుసు వాటికి.

వేళ్లు వదులు చేశాక ముంత నిలబడింది. మూతి మాత్రం వంకరే. సిగ్గేసి మళ్లీ మట్టి ముద్దలో కలిపేయబోయాను.

“ఉండనీ అమ్మా. ఆరేక ఆవంలో ఓ మూల పెట్టి కాలుద్దాం.”

మంటకి పగిలిపోతుందేమోనని బెంగగానే ఉంది. అయినా, ఈ ఇంటి కుండల మధ్య దానికీ చోటుందన్నారు కదా.