మోకాలికి ఐదో ఎక్స్‌రే

మామయ్యా,

వంట చేసి మూతపెట్టాను. తిన్నాక మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టుకోండి. ఇవాళ మాత్రం ఆసుపత్రికి రాకండి.

మీ మోకాలి ఎక్స్‌రేలు ఇంట్లో నాలుగున్నాయి. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి, తీసింది నేనే. ఒకదాన్ని వంటింటి కిటికీలో పగిలిన అద్దం చోట అంటించాను. ఐదోది కావాలనిపిస్తే ఎండ పడే వేళకి అక్కడికెళ్లండి, మీ మోకాలు గోడమీద కనిపిస్తుంది.

నిన్న మాస్కు పెట్టుకుని మా ఎక్స్‌రే గది ముందు కూర్చుంటే గుర్తుపట్టననుకున్నారా? మీ కాళ్లకున్నవి నా చెప్పులు! నిన్న పొద్దున్నంతా నేను ఇల్లంతా వెతికింది వాటికోసమే. పైగా తలకి కూడా స్కాన్ రాయమని డాక్టర్ని బతిమాలారట. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే విన్నాను గానీ, దానికి డాక్టరు చీటీ అడిగినవాళ్లని మిమ్మల్నే చూశాను.

అసలు ఈ నొప్పి మొదలైంది, మీ నడుము ఎక్స్‌రేలు దాచడానికి అటకెక్కి జారినప్పుడే కదా! స్టూలు దాచేశాను, వెతక్కండి.

కాగితం కింద చోటు లేక పక్కన రాస్తున్నాను. "ఎక్కడ నొప్పి?" అని డాక్టరు అడుగుతాడనే మీరు వస్తున్నారని నర్సు చెప్పింది. ఇంట్లో మేమెవరం అడగనేలేదు. సాయంత్రం వచ్చాక నేనడుగుతాను. మొదటినుంచీ చెప్పండి, మధ్యలో బెల్లు కొట్టి తర్వాతివాళ్లని పిలవను.