లోకల్ రేటు

మార్చి 3, ఉదయం 6

ఎనిమిది రోజుల ఫారిన్ ట్రిప్పు, ఇద్దరం, నేనూ చెల్లెలూ. టికెట్లు, లాడ్జీ పోగా మిగిలింది తిండికీ తిరుగుడికీ బొటాబొటి. ఫారిన్ వాళ్లు కనిపిస్తే అక్కడ రెట్టింపు గుంజుతారని చదివాను. ఆస్పత్రి పర్చేజ్ సెక్షన్లో ఇరవై ఏళ్లుగా దూది దగ్గర్నుంచి మంచాల దాకా బేరమాడినదాన్ని. నాకు టోపీ పెట్టేవాడు ఇంకా పుట్టలేదు.

మార్చి 4

దిగాం. టాక్సీకి నలభై అడుగుతారనీ, పదిహేనుకి దించాలనీ రాసుకున్నాను. నోరు తెరవకముందే డ్రైవర్ పన్నెండు అన్నాడు. నా బ్యాగు తనే మోశాడు. చెల్లెలిది మోయలేదు.

మార్చి 5

గొడుగు చెల్లెలు అడిగితే ముప్పై. అదే గొడుగు నేనడిగితే ఎనిమిది. నీ మొహాన ఏం రాసుందే అక్కా అని మూతి ముడిచింది. ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టి కొట్టామెనే అడిగాను. మన ఊరి పిల్ల దగ్గర లాభం చూసుకుంటామా అందట. గుండీల కొట్టు పెద్దాయన కూతురు పదకొండేళ్ల కిందట ఇల్లొదిలి పోయిందట. అది నేనేనట.

పడీ పడీ నవ్వుకున్నాం.

మార్చి 6

పడవ టికెట్ టూరిస్టులకి అరవై, ఊళ్లోవాళ్లకి పది. ఫారంలో పేరు రాయాలి. కౌంటర్లో గుమాస్తా, ఆ పెద్దాయన కూతురి పేరు తనే చెప్పి పెన్ను అందించాడు. రాసేశాను. తప్పే అక్కా, ఆ పెద్దాయన చెవిన పడితే ఆశపడతాడు అంది చెల్లెలు. యాభై మిగిలిందిగా అన్నాను. సంతకానికి చెయ్యి తడబడుతుందనుకున్నాను. తడబడలేదు.

మార్చి 7, ఉదయం 9

పెద్దాయన లాడ్జీకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎడమ దవడ పన్ను ఇంకా సలుపుతోందామ్మా అని అడిగాడు. రెండు వారాలుగా సలుపుతోంది. చెల్లెలికి కూడా చెప్పలేదు.

నేను మీ అమ్మాయిని కాదండీ, డబ్బుకి కక్కుర్తిపడ్డాను, క్షమించండి అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుని నవ్వాడు.

ఆయన వెళ్లాక చెల్లెలు నన్ను ఎగాదిగా చూసింది. ఆ భాష నీకెప్పుడొచ్చింది అంది. ఫోను పక్కగదిలో ఛార్జింగ్‌లో ఉంది.

మార్చి 8

చెల్లెలు మరీ గబగబా మాట్లాడుతోంది. ప్రతిదీ రెండుసార్లు అడగాల్సి వస్తోంది.

మార్చి 10, ఉదయం 10

మధ్యాహ్నం ఫ్లైట్. చెల్లెలు సామాన్లు సర్దుతోంది. పెద్దాయనకి ఒక్క మాట చెప్పకుండా వెళ్లడానికి మనసొప్పక కొట్టుకి వచ్చాను. ఐదు నిమిషాలు కొట్టు చూస్తుండమ్మా, మాత్రలు తెచ్చుకుంటాను అని వెళ్లాడు. స్టూలు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ గల్లాపెట్టె సొరుగు పట్టేస్తుంది. కింద నుంచి ఓసారి తట్టి లాగాలి.

మార్చి 10

ఒక టూరిస్టు వచ్చింది. చేతిలో రెండు పాస్‌పోర్టులు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. రెండక్షరాల మాటేదో అంటోంది, మళ్లీ మళ్లీ. ధర అడుగుతోంది కాబోలు.

ముప్పై చెప్పాను.