నర్సవ్వ రెండో చెవి

రాజన్నా, నమస్తే. ఆలస్యమైంది, తిట్టకు. నువ్వు కన్నుమూసి ఏడాదైంది. నా పిండి గిర్ని కొన్నాళ్ళు మూసి, మీ చెల్లె నర్సవ్వను పట్నం దవాఖానకు తీసుకెళ్ళి పోయిన నెలే బోధన్ తిరిగొచ్చాను. ఆమెకూ నీ చెవుడే పట్టుకుంది. కాన్పు కాన్పుకూ ఇంకాస్త తగ్గింది.

చెవిలో బియ్యపు గింజకన్నా చిన్న ఎముక బిగుసుకుపోయిందని, దాన్ని తీసి తీగ పెడతామని, కుదరకపోతే ఉన్న వినికిడీ పోతుందని డాక్టరు ముందే చెప్పాడు. మత్తు చెవికే ఇచ్చారు. ఆపరేషన్ బల్లమీదే డాక్టరు గట్టిగా "వినబడుతుందా?" అని అరిచి అడిగితే, "ఇనవడ్తుంది సారూ, గంతగనం ఒర్రకు" అందట. వారం తిరగకముందే తల తిరుగుడు, వాంతులు. ఆ చెవి పూర్తిగా పోయింది.

ఈ జబ్బున్నవాళ్ళకు రొదలోనే మాట బాగా వినబడుతుందట రాజన్నా! "మిషిన్ కాడ ఇనవడ్తది, ఆఫీసుల పిలిస్తె ఇనవడదా? దొంగ చెవుడు!" అని నిన్ను చక్కెర ఫ్యాక్టరీ నుంచి తీసేయించిన మేస్త్రి, జొన్నలు పిండి పట్టించడానికి వస్తే ఈ సంగతి చెప్పాను. "గప్పుడు మాకేమెర్క?" అని డబ్బా ఎత్తుకొని పోయాడు.

రెండో చెవికి కూడా చేయిద్దామా అని నర్సవ్వను అడిగాను.

"వద్దన్నా. గిదన్న ఉండనియ్యి. నీ గిర్ని కాడికొచ్చి నాలుగు ముచ్చట్లు ఇనిపోత."

రోజూ వస్తుంది. కరెంటు పోయి గిర్ని రొద ఆగితే మాట మధ్యలోనే లేచి ఇంటికి పోతుంది.

నువ్వొచ్చినప్పుడల్లా నీకు బాగా వినబడాలని నేను గిర్ని ఆపి మాట్లాడేవాణ్ణి. ఈసారి ఆపను. మళ్ళీ కలిసేదెప్పుడు రాజన్నా?