ఇస్త్రీ పెట్టె పచ్చ వైరు

అక్టోబరు 27

కార్తీక సోమవారం. ఉపవాసం.

ఈయన గుడికి కట్టుకునే పంచె ఇస్త్రీ చేద్దామని అమ్మ ఇచ్చిన పాత పెట్టె తీశా. బట్ట చుట్టిన వైరు. పెట్టె వైపు పింగాణీ ప్లగ్గు బాగానే ఉంది. గోడకి పెట్టే నల్ల ప్లగ్గు చేతిలోనే పగిలింది. కత్తిరించేసి ఎర్ర వైరు, నల్ల వైరు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించా. అమ్మ అట్లాగే చేసేది. పచ్చది ఎర్తు వైరు, అది లేకపోయినా పెట్టె కాలుతుంది కదా అని వెనక్కి మడిచా...

పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళా. ఈయన స్నానం చేసి తడి ఒంటితో వచ్చి పెట్టె పక్కకి జరపబోయారు.

షాకు కొట్టి పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది, స్వామీ.

వైర్లు లాగేశా. అది కరెంటు ఆపడానికే. మరి జనం వచ్చేలోపల పుల్లలు ఏరి కొంగున ముడేసుకున్నానే, అదెందుకు?

అక్టోబరు 28

చేతికి కట్టు వేశారు. ఆరు వారాలట.

ఈయన అన్నారు, "ఇదంతా ఆ సుభానీ మొన్న పెట్టిన స్విచ్ బోర్డు వల్లే. ముసలాడికి చూపు ఆనట్లేదు."

ఇరవై ఏళ్ళుగా మా ఇంటి కరెంటు పనంతా సుభానీ గారిదే. అన్నం కలిపి ఈయన నోటికి అందిస్తున్నా. ఇంకో ముద్ద కలిపా.

అక్టోబరు 30

పగిలిన ప్లగ్గు ముక్కలు దాచింది పూజ అరలో, విభూతి డబ్బా వెనక. దణ్ణం పెట్టుకోబోతే అవే కనిపిస్తున్నాయి.

నవంబరు 2

పౌర్ణమికి రామాలయం లైట్ల పని సుభానీ గారికి ఇవ్వట్లేదు. ఈయనే కమిటీలో చెప్పారట. ఎదురింటి రమణమ్మ గారు, "గుళ్ళో ఎవరికన్నా ఏమన్నా అయితే, వదినా?"

ఏటా సుభానీ గారే కట్టేవారు. చెప్పులు వీధి మొదట్లోనే విడిచి వచ్చేవారు.

నవంబరు 4

పిలవకుండానే వచ్చారు సుభానీ గారు. ఈయన మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు.

"నా పనిలో తప్పుంటే చూసుకోవాలి కదమ్మా."

బోర్డు విప్పారు. "ఎర్తు వస్తోందే, మరి షాకెట్లా కొట్టింది..." అని తనలో తనే. తర్వాత సాకెట్ కన్నంలోంచి టెస్టరు కొసతో ఏదో లాగారు. విరిగిన అగ్గిపుల్ల ముక్క.

నా వంక చూశారు. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు.

"సాకెట్ మార్చేస్తానమ్మా. ఇస్త్రీ పెట్టె వైరు కూడా ఇవ్వండి, ప్లగ్గు వేసిస్తా."

మంచినీళ్ళిచ్చా. వైరు తెచ్చి ముందు పెట్టా.

నవంబరు 5

పౌర్ణమి. మూడు వందల అరవై ఐదు వత్తులూ నేతిలో నాని ఉన్నాయి. హాల్లో ఈయన ఫోన్లో — "పైసా తీసుకోకుండా సాకెట్ మార్చి పోయాడంటే ఒప్పుకున్నట్టే కదండీ."

అగ్గిపుల్ల తీశా. గీయలేకపోయా.

"ఏమండీ."

"ఉండవే, మాట్లాడుతున్నాగా."

ఉన్నా. ప్లగ్గు ముక్కలు ఒళ్ళో పెట్టుకుని ఇది రాస్తున్నా. ఫోను ఇంకా అవలేదు.