నీలం టాకా

రాయచూరు,
18 ఆగస్టు 1991.

పూజ్యుడైన అన్నకు తమ్ముడు శ్రీరాములు కాళ్ళకు మొక్కి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను, నీ మరదలు సౌభాగ్య, పిల్లలు అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. సోలాపూర్‌లో నువ్వు, వదిన, పిల్లలు కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. పని ఎక్కువై రాయలేదని రాయబోయి రెండు ఇన్లాండ్ కవర్లు చించి పారేశాను. పని ఎక్కడుంది అన్నా! ఈ కాలంలో చిరిగిన శాలువాకు ఎవరు రఫూ చేయించుకుంటున్నారు, కొత్తది కొనుక్కుంటున్నారు గానీ. రాయకపోవడానికి కారణం వేరే ఉంది. దాని దగ్గరికి వస్తాను, కొంచెం ఓపిక పట్టు.

శక్తినగర్‌లో కరెంటు తయారుచేసే పొగగొట్టాలు లేచాక మీకు కరెంటుకు కరువుండదు కదా అని అడిగావు. ఏం చెప్పమంటావు! తయారయ్యేదీ మన దగ్గరే, ముందుగా పోయేదీ మన దగ్గరే. నిన్న పిండి గిర్నీలో జొన్నలు సగం పట్టగానే కరెంటు పోయిందట, సౌభాగ్య ఆ గిర్నీవాడిని తిట్టిన తిట్లు మీ సోలాపూర్ దాకా వినబడే ఉంటాయి. జాలహళ్ళి మేనత్త సంగతి అడిగావు. మోకాళ్ళ నొప్పులు తప్ప నోరు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. నాన్న కత్తెర నా దగ్గరే ఉంది, మొన్ననే సాన పట్టించాను.

ఇక నువ్వు చివర్న అడిగిన మాట. "దుల్హన్‌పాషా ఇంట్లో నాన్న అంచుకు కుచ్చు వేసిన టర్కీ పట్టు తివాచీ ఇంకా ఉందా? ఆ నూలు దారం పేనింది నేనే. పట్టు దొరకని రోజులు కదా, నాన్న ఎంత బాధపడ్డాడో" అని రాశావు. నువ్వు మామూలుగా అడిగావు. ఆ నాలుగు ముక్కలు చదివి నేను ఆ పూట అన్నం తినలేదు.

తివాచీ ఉంది. దాన్ని నకిలీ అని నలుగురిలో చెప్పింది నేను.

వైశాఖంలో జరిగింది. పెద్దామె దుల్హన్‌పాషాకు రెండు కళ్ళలోనూ మోతిబిందు, అదే శుక్లాలు, వచ్చింది. ఆపరేషన్‌కు హైదరాబాదు పోవాలి. ఆమె భర్త వకీల్ సాబ్ పోయాక ఆ ఇంట్లో అమ్మడానికి మిగిలింది ఆ తివాచీ ఒక్కటే. ఆయన ఎప్పుడో హైదరాబాదులో ఒక నవాబు దేవిడీ సామాను వేలం వేస్తుంటే ముచ్చటపడి కొన్నది. శక్తినగర్‌లో ఇంజనీరు నాగేంద్రబాబు గారని కోస్తా వైపు మనిషి, పాత వస్తువులంటే ప్రాణం పెడతాడు. బట్టల అంగడి దుర్గప్ప ఆయన్ని తీసుకొచ్చాడు. సరుకు నిజమో కాదో చెప్పమని నన్ను పిలిపించారు.

"సార్, శ్రీరాములు చెయ్యి పెట్టి చెప్పిండంటె అయిపోయె. గాయన మాటే ముద్ర" అన్నాడు దుర్గప్ప.

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను అన్నా, దాచేదేముంది. పట్టుచీరలు చూశాను, కాశ్మీరు శాలువాలు చూశాను, పట్టు తివాచీ మాత్రం జన్మలో ముట్టలేదు. నాన్న దాన్ని బాగుచేసిన రోజుల్లో నేను జాలహళ్ళిలో మేనత్త దగ్గర ఉన్నాను కదా. నాకు తెలియదు అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. నామోషీ అనిపించింది.

తివాచీ పరిచారు. మూరెడు వెడల్పు ఎర్రటి అంచు, నడుమ మసీదు కమాను లాంటి బొమ్మ, దాని కింద దానిమ్మ పూలు. పరదా వెనక నుంచి దుల్హన్‌పాషా చెబుతూ ఉంది: "ఇటు దిక్కు కూసోని చూస్తె మబ్బు బెట్టినట్టుంటది సాబ్, అటు దిక్కు పోయి చూడుండ్రి, ఎండ గొట్టినట్టుంటది. వకీల్ సాబ్ ఈద్ దినం అందర్నీ అటూ ఇటూ తిప్పుతుండె." నిజంగానే ఇటునుంచి కమాను నల్లగా ఉంటే, అటునుంచి చెరుకు రసం రంగులో మెరిసింది. అసలు పట్టుకే అలా ఉంటుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు నా చెవికి ఎక్కలేదు. ఇంజనీరు మాత్రం చిన్నపిల్లాడిలా నాలుగుసార్లు తిరిగి చూశాడు. "మీరు ఊఁ అంటే తీసేసుకుంటానండీ. మా ఆవిడ ఎగిరి గంతేస్తుంది" అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. నేను అంచులో కుచ్చు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించాను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన రావాలి. కాగితం కాలిన వాసన వచ్చింది.

"ఇది పట్టు కాద్ సార్. నూలు. మెరుగు పెట్టిన నూలు" అన్నాను.

ఇంజనీరు ముఖం వాడిపోయింది. దుర్గప్ప ఊరుకునే రకమా? తీన్ కందిల్ చౌరస్తా దగ్గర కనబడ్డవాడికల్లా చెప్పాడు, వకీల్ సాబ్ ఇంట్లో నకిలీ మాల్ అమ్మ చూశారని. అరవై ఏళ్ళు ఎవరిదగ్గరా చెయ్యి చాచని ఇల్లు అన్నా అది. దుల్హన్‌పాషా ఆ తర్వాత పక్కింటి పెళ్ళికి కూడా పోలేదట.

ఇంతవరకు చదివి నువ్వు ఏమనుకుంటావో నాకు తెలుసు. పాపం, తమ్ముడికి తెలియదు, నాన్న వేసిన నూలు కుచ్చు కాల్చి మోసపోయాడు అనుకుంటావు. అలా అనుకోనిచ్చి ఉత్తరం ముగించేద్దామని నాకూ ఉంది. ఆ రెండు ఇన్లాండ్ కవర్లు చించింది కూడా ఇలాంటి అబద్ధాలు రాయబోయే.

నాకు తెలిసింది అన్నా. అక్కడే తెలిసింది. నూలు అని అనేశాక, ముడులు ఎలా ఉన్నాయో చూద్దామని మూల తిరగేశాను. గసగసాలంత ముడులు, ఒక్కొక్కటి రెండేసి పోగుల్ని చుట్టుకుని ఉన్నాయి. నూలుతో అంత సన్నం రాదు. ఆ పక్కనే కుచ్చు మొదట్లో, వెనకవైపు, ఒక నీలం టాకా కనబడింది. నాన్న టాకా. ఎక్కడ బాగుచేసినా అసలు ఎక్కడిదాకా, తన పని ఎక్కడినుంచి అని తర్వాత వచ్చేవాడికి తెలియాలని వేసే ఆ ఒక్క కుట్టు. ఎవరూ మోసపోకూడదని వేసింది. నేను కనిపెట్టాను, అప్పటికి ఇంజనీరు చెప్పులు వేసుకుంటున్నాడు. "ఆగండి సార్, నేను పొరబడ్డాను" అనడానికి నోరు తెరిచాను. దుర్గప్ప ఉన్నాడు, పక్కింటివాళ్ళు ఉన్నారు. రేపటినుంచి నన్నెవరు పిలుస్తారు అనిపించింది. మూల మళ్ళీ మడత పెట్టి లేచి వచ్చేశాను.

ఛీ, ఇది రాస్తుంటే నా చెయ్యి మీద నాకే అసహ్యంగా ఉంది. సౌభాగ్యకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

నీ ఉత్తరం వచ్చాక ఇక ఉండబట్టలేక పోయిన ఆదివారం శక్తినగర్ పోయాను. పెద్దామె ముఖం చూడకుండానే ఇంజనీరుతో సర్దేసుకుందామని, చూడు నా తెలివి! ఆయన అంతా విన్నాడు. "రాములు గారూ, ఆ రోజు నకిలీ అన్నదీ మీరే, ఈ రోజు అసలన్నదీ మీరే. ఏ రాములు గారిని నమ్మమంటారండీ?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వేరే తెలిసినవాళ్ళెవరైనా చెబితే ఇప్పటికీ తీసుకుంటానన్నాడు. వచ్చే నెలాఖరుకు ఆయనకు ట్రాన్స్‌ఫర్.

అందుకే నిన్ను అడుగుతున్నాను. ఆ దారం పేనింది నువ్వు, నాన్న పక్కన కూర్చున్నది నువ్వు. ఏ సంవత్సరమో, కుచ్చుకు నూలు ఎందుకు వాడాల్సి వచ్చిందో, నీలం టాకా ఎక్కడుందో నీ చేత్తో రాసి పంపు. వీలైతే నువ్వే బస్సెక్కి రా. తమ్ముడు తప్పు చెప్పాడని కూడా అందులో రాయి. మొహమాటపడకు. నా పరువు కాపాడాలని ఒక్క అక్షరం తగ్గించినా నాకు అక్కరలేదు.

నిన్న ధైర్యం చేసి దుల్హన్‌పాషా దగ్గరికీ పోయాను. ఈసారి పరదా లేదు, పెద్దామె చాప మీద కూర్చుని ఉంది. నేను నేల మీద కూర్చుని అంతా చెప్పాను. టాకా చూసిన సంగతి కూడా చెప్పాను. ఆమె నన్ను మధ్యలో ఆపలేదు.

"నాకు తెల్వదా బేటా?" అంది చివరికి. "ముసలయ్య గా దినం దారం నా చేతిల బెట్టి, 'అమ్మా, గిది నూలు, పట్టు దొరకలే, రేపు ఎవరన్న అడిగితె దాచకుండా చెప్పుండ్రి' అన్నడు."

"మరి ఆ దినం ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఎట్ల చెప్త? గంతమంది ముంగట, ముసలయ్య కొడుక్కి ముసలయ్య పని తెల్వది అని నా నోటితోని అందునా? నువ్వు మూల తిరగేసిన చప్పుడు ఇన్న. చూసినవనే అనుకున్న. రేపు పొద్దుగాల వస్తవులే అని కూసున్న."

తర్వాత పెట్టె తెరిపించి, తివాచీ మూల ఒళ్ళోకి లాక్కుని, తిరగేసి, చూపు ఆనక వేళ్ళతో వెతికింది. దొరికాక నా చెయ్యి పట్టి దాని మీద పెట్టింది.

"నువ్వొచ్చిన దినం గిది నాకు నీలంగ కనబడుతుండె" అంది.

అన్నా, త్వరగా రాయి.

ఇట్లు,
నాన్న టాకాను మడత పెట్టి వచ్చిన నీ తమ్ముడు,
శ్రీరాములు.